ఒట్టిలియా పట్టిన మంత్రగత్తె

ఒట్టిలియాకు రాని విద్య లేదని మైన్ నది ఒడ్డున ఉన్న ఆ ఊరంతా నమ్మేది. అలా నమ్మించింది ఒట్టిలియానే. ఎవరి ఆవు పాలు ఎగజేపినా, ఎవరి బిడ్డకు దిష్టి తగిలినా ఆమెకే కబురు వచ్చేది. ఇప్పుడు చూస్తే తన మీగడ పీపాలోనే, ఎంత చిలికినా వెన్న పడటం లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తానేమో రచ్చ గెలిచి ఇంట్లో ఓడిందని తనను తానే తిట్టుకుంది.

ఎవరో చేతబడి చేశారు, అది ఖాయం. ఎవరన్నదీ ఖాయమే: పక్కింటి విధవ కునిగుండ్. మొగుడు పోయినా బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ఆవు కుండ నిండా పాలిస్తోంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

చర్చి నుంచి వస్తూ ఆడవాళ్లందరికీ చాటింది. ఎర్రగా కాల్చిన కడ్డీ మీగడలో ముంచుతానని, ఆ క్షణమే మంత్రగత్తె చెయ్యి కాలుతుందని, అది మందు అరువడుగుతూ పొరుగు గడప తొక్కుతుందని, సాయంత్రం వచ్చి చూసుకోమని. పక్క లోయలో ఇద్దరు ఆడవాళ్లను మంత్రగత్తెలని కట్టెల మీద కాల్చిన ఏడాది అది. ఎవరూ నవ్వలేదు.

కడ్డీ ముంచింది. మీగడ బుస్సున పొంగి చేతి మీద పడింది. అబ్బా అని ఊదుకుంటూ పరుగెత్తి, మంటకు రాసుకోవడానికి కాస్త పందికొవ్వు ఇమ్మని కునిగుండ్ తలుపు తట్టింది. తట్టాక గాని తెలివి రాలేదు. కాలిన చెయ్యి, అరువు, పొరుగు గడప! తాను చాటిన గుర్తులన్నీ తన ఒంటి మీదే ఉన్నాయి. ఇంత గొప్ప విద్య నేర్చిన తన మొహం మండ అనుకుంది. వీధి చివర అప్పుడే ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

కునిగుండ్ ఆమెను లోపలికి లాగింది. పొయ్యి మీద కాగుతున్న కొవ్వు గిన్నె తీసి, కాస్త నేల మీద ఒలికించి, మిగతాది పళ్లు బిగించి తన చేతి మీదే పోసుకుంది. ఆడవాళ్లు తలుపు తోసేసరికి ఇద్దరూ చేతులు ఊదుకుంటున్నారు.

"కొవ్వు కాస్తుంటే గిన్నె జారింది," అంది కునిగుండ్.

వాళ్లు నేల చూశారు, రెండు చేతులూ చూశారు, గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

ఒట్టిలియాకు ఏడుపొచ్చింది. "నాకోసం చెయ్యి కాల్చుకున్నావా వదినా?"

"నీకోసమా? బాగానే ఉంది సంబడం. నిన్ను పట్టుకుపోయి వేళ్లు నలగ్గొడితే మొదట నా పేరే చెబుతావు. కట్టెల మీద కాలడం కంటే ఇది నయం కాదూ?"

అలా చెప్పనని ఒట్టు వేయడానికి ఒట్టిలియా నోరు తెరిచింది. సిగ్గేసి మూసుకుంది.