రెండు నిమిషాల్లో ముప్పై ఒక్క సూదులు

రూతమ్మ సిస్టర్ పిల్లలకు వెయ్యని టీకా సూదులు వేసినట్టు రాసిందని కోర్టు ఆమెకు ఏడాది జైలుశిక్ష వేసింది. ఆ సూదులు ఆమె వేసింది. ముప్పై ఒక్కటీ వేసింది. మందు డబ్బా మోసినవాణ్ణి నేను, పక్కనే నిలబడి చూశాను.

ఈ పొద్దున ఎదురింటివాళ్లు వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోశారు. ఆ పులిసిన తీపి వాసన కిటికీలోంచి వచ్చేసరికి రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఆమె చివరిసారి సూదులు వేసిన చోట కూడా ఇదే వాసన. ఆమెను ఎరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎవరి మీద కోపంతో రాస్తున్నానని అడిగితే మాత్రం చెప్పలేను. చాలామంది మీద ఉంది. అందులో నేనూ ఉన్నాను.

చర్ల వైపు సర్కారు దవాఖానాకు ఆమె నర్సుగా వచ్చేనాటికి నాకు ముప్పై అయిదు దాటాయి, ఆమెకు ముప్పై నిండలేదు. మధిర దగ్గరి మనిషి. ఐస్ గడ్డల మధ్య మందు పెట్టిన డబ్బాను భుజాన వేసుకుని ఆమె వెనకాల గూడేలు తిరగడం నా పని. నాకు అక్షరం ముక్క రాదు. ఒకరోజు వాగు ఒడ్డున రిజిస్టరు నా ఒళ్లో పెట్టి, "ఊళ్లోకెళ్లగానే ఈ పేర్లు నువ్వే పిలవాలన్నా" అంది. "నాకు సదువు రాదు గద సిస్టరూ" అన్నాను. "అందుకే చెప్తున్నా. ఇది అ. అర్జున్, పోయిన్నెల చెట్టెక్కి సూది తప్పించుకున్న వెధవ. ఇది ల. లక్ష్మి, నీ వేలు కొరికింది చూడు, ఆ పిల్ల." నాకు అక్షరాలన్నీ అలాగే వచ్చాయి, ఒక్కో పిల్ల ముఖంతో. మిగతా చదువు నేనే పోగేసుకున్నాను, మిర్చిబజ్జీలు చుట్టిచ్చిన పేపరు ముక్కల నుంచి ఇప్పటి కోర్టు కాగితాల దాకా.

చదువుతో పాటు ఇంకొకటి కూడా నేర్పింది. ఒకసారి గూడెంలో ఒక పిల్లాడు ఇంట్లో లేడు. వాళ్లమ్మ, మళ్లా వస్తడులే అంది. ఎండ మండిపోతోంది. అప్పటికి నాకు రాయడం వచ్చింది కాబట్టి ఆ పేరు ఎదురుగా టిక్కు పెట్టేశాను. రెండు వాగులు దాటాక ఆమె రిజిస్టరు తిరగేసి ఆగింది. "వీడికి ఎప్పుడు వేశానన్నా?" ఆమె తిట్టలేదు. గొడుగు ఇటునుంచి అటు తిప్పి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. పిల్లాడు దొరికి, సూది పడి, ఏడ్చి, ఊరుకున్నాక నాతో అంది: "చూసింది చూసినట్టు రాయి, అడిగితే చూసింది చూసినట్టు చెప్పు. ఇంతకంటే పెద్ద చదువు లేదు." తిరుగు దారిలో నా కాళ్లు బొబ్బలెక్కాయి. ఆ మాట కూడా అలాగే ఎక్కింది.

ఆమె రిటైరు కావడానికి కొద్దిగా ముందు ట్యాబులు వచ్చాయి. సూది వేసిన వెంటనే అందులో పిల్ల పేరు నొక్కాలి. ఆమె నొక్కేది. గూడేల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి పేర్లన్నీ లోపలే ఉండిపోయేవి. రోడ్డు దగ్గరి గుట్ట ఎక్కి, పోలీసు క్యాంపు టవర్ అందే చోట పంపమని నొక్కితే అన్నీ ఒక్కసారి వెళ్లేవి. వెళ్లేటప్పుడు ఆ ట్యాబు చేసిన పని మాకు తెలియలేదు. సూది వేసిన సమయం చెరిపేసి, సిగ్నల్ దొరికిన సమయం రాసుకునేది. చోటు కూడా గుట్టే.

ఆ ఏడు ఇప్పపువ్వు రాలే రోజుల్లో మేము వెళ్లేసరికి గూడెంలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఆ నెలంతా కోయవాళ్లు పిల్లాజెల్లాతో అడవిలోనే ఉంటారు. ఎవరి చెట్టు కింద వాళ్లు పడుకుని, తెల్లారగట్ల రాలిన పువ్వు ఏరుకుంటారు. సిస్టర్ చెట్టు చెట్టుకూ వెళ్లింది. జోగమ్మ అనే ఆమె దూరం నుంచే చూసి, "ఓయ్, సిస్టరొచ్చింది, పిల్లల్ని గంపల కింద దాసుర్రి" అని నవ్వింది. "నీ పిల్లకే ముందు" అంది సిస్టర్. సాయంత్రానికి ముప్పై ఒక్కమంది అయ్యారు. గుట్ట ఎక్కి పంపింది.

కొన్నాళ్లకు రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల పిల్ల ఒకతె ఆ గూడెంలో తట్టు సోకి చనిపోయింది. విచారణ మొదలైంది. రెండు నిమిషాల్లో ముప్పై ఒక్కమందికి, అదీ రోడ్డు పక్క గుట్ట మీద సూదులు వేసినట్టు కంప్యూటరు చూపింది. ఆ తేదీన గూడెంలో మనుషులే లేరని పంచాయతీలో రాసిచ్చారు. అది కూడా నిజమే. చెట్ల కింద వేశానని ఆమె చెప్పి, పేర్లు రాసుకున్న నోటుబుక్కు చూపిస్తే, చేతిరాత ఎప్పుడైనా రాసుకోవచ్చన్నారు. జోగమ్మను అడిగితే, వారం అంగడి మరునాడు వేసిందని చెప్పింది. తేదీ చెప్పలేదు కాబట్టి ఆ మాట పక్కన పెట్టారు.

కోర్టులో నన్ను బోనెక్కించారు. సర్కారు వకీలు నెమ్మదస్తుడు. "గుట్ట మీద ఆమె ట్యాబు నొక్కుతుంటే నువ్వు చూసినవా?"

"చూసిన."

"సూదులు అక్కడ వేసిందా?"

"లేదు సారూ, కానీ..."

"అడిగిందానికి చెప్పు. వేసిందా, లేదా?"

"అక్కడ వెయ్యలే."

"చాలు, దిగు."

దిగాను. ఆమె వకీలు నన్ను మళ్లీ ఏమీ అడగలేదు. చూసింది చూసినట్టు చెప్పానన్న ధైర్యంతోనే దిగాను. ఆమె నా వైపు చూసి తల ఊపింది. అది మెచ్చుకోలో, అయిపోయిందని చెప్పడమో నాకు ఈనాటికీ తెలియదు.

జైలు నుంచి వచ్చాక మధిరలో చెల్లెలి ఇంట్లో మంచం పట్టింది. చూడబోయి, "నా నోటితోనే నిన్ను జైల్లో పెట్టిన సిస్టరూ" అన్నాను. "ఏం, అబద్ధం చెప్తావా? అప్పుడు నేను నేర్పిన చదువేం కావాలి?" అని నవ్వింది. కాసేపటికి గోడ వైపు తిరిగి, "ఆపమన్నా ఆపకుండా ఆ చెట్ల మాట ఒక్కటి చెప్పాల్సిందన్నా. నేనైతే చెప్పేదాన్ని" అంది. మళ్లీ ఇటు తిరిగి, టీ తాగుతావా అని అడిగింది. ఈ రెండు మాటల్లో ఏది పట్టుకోవాలో తేలక ముందే ఆమె పోయింది. శిక్ష మీద ఆమె వేసిన అప్పీలు ఇంకా తేలలేదు.

ఆ తర్వాత వేరే జిల్లాల్లోనూ అడవి గ్రామాల నర్సుల మీద ఇవే కేసులు బయటపడ్డాయి. అందరివీ సిగ్నల్ లేని ఊళ్లే, తప్పు ట్యాబుదేనని తేలింది. టీవీల్లో చూపించారు. జనం రోడ్ల మీదికి వచ్చారు. ఖమ్మంలో జరిగిన ఊరేగింపుకు నేనూ వెళ్లాను. ఫ్లెక్సీ మీద రూతమ్మ ఫోటో ఉంది. ముందు వరుసలో పిడికిలి ఎత్తి అరుస్తున్నది మా దవాఖానా పెద్ద డాక్టరే. ఆమె మీద మొదటి ఫిర్యాదు కాగితం పంపింది ఆయనే.

దగ్గరకెళ్లి అడిగాను. "సారూ, అప్పుడు కాగితం రాసింది మీరే గద?"

"సిస్టం చెప్పింది కొమరయ్యా, నేనేం జేస్త?"

"మరి ఇప్పుడేంది?"

"ఇప్పుడు జనం చెప్తున్నరు."

ఆయన మీద కోపగించుకోబోయి ఆగిపోయాను. ఎవరో అడిగితే అడిగినంతే చెప్పినవాణ్ణి, ఆయన్ని నిలదీయడానికి నాకేం అర్హత ఉంది? అలాగని ఆయనా నేనూ ఒకటేనా? నేను నిజం చెప్పాను గదా. నిజం చెప్పినవాడు ఎందుకు నిద్రపట్టక పొర్లాలి? డెబ్బై దాటిన తలకాయకు ఇది అందడం లేదు.

అందని సంగతి అడిగి తెలుసుకోవాలి కాబట్టి ఆరోగ్య శాఖకు దరఖాస్తు రాశాను. ట్యాబు తప్పని మీరే ఒప్పుకుంటున్నారు గనుక ఆమె పేరు మీది మచ్చ తీసెయ్యండి అన్నాను. కోర్టులో మింగిన ఇప్పచెట్ల సంగతంతా అందులో రాశాను. ఏడుసార్లు రాశాను. నిన్న జవాబు వచ్చింది.

"మీ దరఖాస్తు పరిశీలించడమైనది. సదరు ట్యాబు నందు సూది వేసిన సమయమునకు బదులు సిగ్నల్ అందిన సమయము నమోదగుచున్నట్లు గుర్తించి సరిచేయడమైనది. అయితే కీర్తిశేషులు రూతమ్మ గారికి శిక్ష ట్యాబు ఆధారముగా విధింపబడలేదు. గుట్టపై ఆమె ట్యాబు నొక్కుచుండగా చూచితిననియు, అచ్చట సూదులు వేయలేదనియు సాక్షి ఇచ్చిన వాంగ్మూలమే అందుకు ఆధారము. కావున ఈ విషయమున శాఖ చేయదగినది ఏమియు లేదు. మీకు అభ్యంతరమున్నచో సదరు సాక్షిని అడుగవలెను."