తడి సాక్సుల వాసన

"ఫిల్మ్ నగర్‌లో ఉంటావుగా, యాక్టింగ్ అలవాటయ్యుంటుంది." మా మేనేజరు అన్న ఆ మాట నాకింకా పొల్లుపోకుండా గుర్తుంది. పక్కనున్న ఇద్దరు నవ్వారు. వాళ్లెవరో కూడా గుర్తుంది.

అప్పుడు నేను ఎయిర్ హోస్టెస్‌ని. పొద్దుటి బెంగళూరు విమానం నిండా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లే. బెల్టు పెట్టుకోగానే నిద్రపోయేవారు. మాకున్న విమానాల్లో ఒకదానిలో మాత్రం, ఇంజిన్లు మొదలవగానే ఒకసారి, కిందికి దిగేటప్పుడు మరోసారి, వెనక నా సీటు దగ్గర తడి సాక్సుల వాసన వచ్చేది. ఆ విమానం ఎక్కిన రోజల్లా తల దిమ్ముగా ఉండేది, గొంతు బొంగురుపోయేది. లోపలికొచ్చే గాలి ఇంజిన్ల నుంచే వస్తుందని శిక్షణలో చెప్పారు. అందుకే ఫిర్యాదు చేశాను. దానికి మేనేజరు ఇచ్చిన జవాబు అది. ఇంకోసారి వస్తే ఎయిర్‌పోర్టు కౌంటరుకి మార్చేస్తానని కూడా అన్నాడు. ఎగరడం నేను కోరి తెచ్చుకున్న ఉద్యోగం. వదలదలచుకోలేదు.

నేనుండేది మా పెద్దమ్మ కూతురి ఇంట్లో. అక్క డబ్బింగ్ ఆర్టిస్టు.

"గొంతు పోయిందని చెబితే ఎవరు నమ్ముతారే? వినిపించు" అంది.

అప్పట్నుంచి ఏ విమానం దిగినా, చీరైనా మార్చుకోకుండా జూబ్లీహిల్స్‌లో అక్క పనిచేసే డబ్బింగ్ థియేటర్‌కి వెళ్లేదాన్ని. మైకు ముందు ఎప్పుడూ విమానంలో చెప్పే ఒకే ప్రకటన చదివి రికార్డు చేయించేదాన్ని. సౌండ్ ఇంజినీరు రహమత్ నగర్ ఆయన. ఆ విమానం దిగొచ్చిన రోజు హెడ్‌ఫోన్ తీసేసి చూశాడు.

"ఏంది మేడమ్, ఏం మింగిన్రు? గీ గొంతుతోటి విలన్ వాళ్లమ్మకు చెప్పొచ్చు."

అన్నీ ఒక సీడీలోకి ఎక్కించి, ఏది ఏ విమానం దిగొచ్చిన రోజుదో చెబుతూ మేనేజరు గదిలో వినిపించాను. పట్టుబట్టి మరమ్మతుల విభాగం పెద్దాయన్నీ పిలిపించాను.

"జలుబు చేసుంటుంది" అన్నాడు మేనేజరు.

"ఒక్క విమానానికేనా సార్ జలుబు? రేపు నా సీట్లో మీరు కూర్చోండి."

పెద్దాయన సీడీ మళ్లీ పెట్టమన్నాడు. తర్వాత ఆ విమానం కొన్నాళ్లు కనిపించలేదు. ఇంజిన్‌లో నూనె కారి, లోపలికొచ్చే గాలిలో కలుస్తోందట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. తిరిగొచ్చిన విమానంలో వాసన లేకపోయేసరికి నేనే వెళ్లి అడిగి తెలుసుకున్నాను.

"విలన్ వాళ్లమ్మ చాన్స్ పాయె మేడమ్" అన్నాడు సౌండ్ ఇంజినీరు.

మర్నాడు మేనేజరు గదికి వెళ్లాను.

"వాసన నిజమని తేలింది సార్. యాక్టింగ్ అన్న మాట వెనక్కి తీసుకోండి."

"ఇంకా దాన్నే పట్టుకు కూర్చున్నావా?"

"అవును సార్. ఆ రోజు నవ్విన ఇద్దర్నీ కూడా పిలవండి."

వాళ్లొచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. మేనేజరు తలవంచుకుని ఏదో గొణిగాడు.

వినపడలేదని, ఇంకోసారి చెప్పించాను.