పురిట్లో ఆ నాలుగు రోజులు

"పాలిస్తే ఇంత పని అవుతుందనుకోలేదే," అంది మా అమ్మ.

"నేను చెప్పాను. నువ్వే వినలేదు," అన్నాను.

తెనాలి స్టేషన్లో మా ఇద్దరి మధ్య చివరి మాటలవి. ఆవిడ రేపల్లె రైలెక్కింది. నేను పాప మందుల కోసం ఆస్పత్రికి నడిచాను. నెల తిరక్కుండా ఆవిడ పోయింది. నేను చెబుతుంటే రాస్తున్న నా చెల్లెలికీ ఆవిడే అమ్మ. అయినా చెబుతాను.

మా ఆయన పోయేనాటికి నాకు అయిదో నెల. తెనాలి ఆస్పత్రిలో నా రక్తం చూసి, ఆయనకున్న హెచ్ఐవీ నాకూ ఉందన్నారు. ఆ రోజుల్లో నొప్పులు మొదలవగానే మింగమని తల్లికి ఒక్క మాత్ర ఇచ్చేవారు. పుట్టాక బిడ్డకు చుక్కల మందు. రేపల్లె నుంచి వస్తుంటే రైల్లోనే నొప్పులొచ్చాయి. ఆ మాత్ర నా నోట్లో వేసి నీళ్ళు పట్టింది అమ్మే. బిడ్డకూ మందు అందింది.

"ఇస్తే రొమ్ము పాలే ఇవ్వు, లేదా డబ్బా పాలే పట్టు. రెండూ కలిపావంటే బిడ్డకు జబ్బు అంటుకునే ముప్పు ఎక్కువమ్మా," అంది సిస్టర్. డబ్బాయే అనుకున్నాం. రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకున్నాను.

పదకొండో రోజు పురుడికి బాపట్ల నుంచి మా అత్త, ఆడపడుచు దిగారు.

"ఏంటి వదినగారూ, మావాడి బిడ్డకి డబ్బా పాలా?" అంది అత్త.

"అందం చెడుతుందనేమోలే అమ్మా," ఆడపడుచు నవ్వింది. "చూసేవాడు లేకపోయినా!"

అమ్మ ముఖం మాడిపోయింది. నా జబ్బు బయటపడితే వాళ్ళ కొడుక్కి నేనే అంటించానంటారని ఆవిడ భయం. గదిలోకి లాక్కెళ్ళి కట్టు విప్పేసింది.

"సిస్టర్ వద్దంది కదమ్మా!"

"వాళ్ళు వెళ్ళేదాకా ఇవ్వవే. నీ కాళ్ళు పట్టుకుంటా."

వాళ్ళు నాలుగు రోజులున్నారు. వాళ్ళ ఎదుట రొమ్ము. పాలు చాలక బిడ్డ ఏడిస్తే, తలుపు వెనక డబ్బా.

ఏడాదిన్నరకు పరీక్ష చేస్తే పాపకూ ఉందని తేలింది. ఎప్పుడు సోకిందో చెప్పలేమంది సిస్టర్. నాకు మాత్రం అనుమానం లేదు. అమ్మ కాపాడిన పరువు ఏడాదైనా నిలవలేదు. బాపట్లలో తెలిసిపోయింది. మళ్ళీ వాళ్ళు మా గడప తొక్కలేదు.

ఇప్పుడు పాప బడికెళ్తోంది. రోజూ మాత్రలెందుకని అడుగుతోంది. ఎదురుగా నోటితో చెప్పలేక, పెద్దయ్యాక చదువుకుంటుందని ఇది రాయిస్తున్నాను.

ఏమే చెల్లీ, అమ్మ బలవంతం చేసిందని రాసి ఊరుకున్నావా? అది చాలదు. సిస్టర్ మాట చెవులారా విన్నదాన్ని నేను. గడియ వేసుకుని, ఇవ్వనంటే ఇవ్వనని కూర్చోవలసింది. కూర్చోలేదు. బిడ్డను రొమ్ముకు ఆనించుకున్న చేతులు నావే. అదీ రాయి. అమ్మ మీద జాలితోనో, నా మీద జాలితోనో ఎక్కడ మెత్తబరిచావో ఏమో, మొదటినుంచి చదివి వినిపించు.