పట్టుదారంతో బిగించిన ఇండికేటరు

ధర్మవరం నేతగాడొకాయన నాకు బాగా గుర్తు. ఏది చేతికందినా రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు, చివరికి నా చొక్కా అంచు కూడా.

అరవైల్లో ఒక కరువు వేసవి. గుత్తి దగ్గరి పశువుల శిబిరానికి లారీ నిండా ఎండుగడ్డి తోలుతున్నాను. ఆయన పట్టుదారం మూటతో నా పక్కన కూర్చున్నాడు. స్టీరింగుకు బిగించిన ఇండికేటరు మీట డబ్బా వదులై, మలుపు తిప్పినప్పుడల్లా ఊగుతోంది. పామిడి దాటాక ఆయన ఉలిక్కిపడ్డాడు.

"బండి నిలుపప్పా, ఏదో కాలిన వాసన వస్తాండాది."

బ్యాటరీ తీగ పీకి డబ్బా విప్పాను. లోపలి తీగ తొడుగు అరిగిపోయి, రాగి బయటపడి ఇనుముకు తగులుతోంది. వెనకున్న గడ్డి గుర్తొచ్చి టేపు కోసం సీటు కిందంతా వెతికాను.

"టేపు కూడా లేదన్నా. యాడ తెచ్చేది?"

"నా మూటలో పట్టు ఉండాది కదప్పా."

తీగను వేళ్లతో నలిపి చూసి, రాగి కనబడకుండా దారం చుట్టాడు. వదులైన మరమేకుకూ నాలుగు చుట్లు వేసి బిగించాడు. డబ్బా కదల్లేదు. బ్యాటరీ కలిపి మీట నొక్కితే దీపం మినుకుమంది. వాసన రాలేదు. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

శిబిరంలో గడ్డి దించాక ఆవులు ఆబగా నమిలాయి. ఆ చప్పుడు వింటూ ఆయన లారీ చక్రానికి ఆనుకుని నిద్రపోయాడు. నాకు లేపబుద్ధి కాలేదు.