మెదక్ ప్రయాణం, మా అమ్మ గాజు గ్లాసు

ఈ మధ్య ఒకాయన, కారులో హైదరాబాదు వెళ్ళేవాళ్ళు ఏమేం సర్దుకోవాలో రాస్తూ, ఆ రోజుల్లో నీళ్ళు మోసుకెళ్ళే పనే లేదనీ, దారిలో ఏ గుమ్మం ముందు నిలబడి అడిగినా చల్లటి నీళ్ళిచ్చేవారనీ మురిసిపోయాడు. చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఎవరికిచ్చారండీ? మాకివ్వలేదు. అందుకే అరవైల మొదట్లో నేనూ మా అమ్మా ఆ రోడ్డు మీద చేసిన ప్రయాణం గురించి రాస్తున్నాను. అటు వెళ్ళబోయేవాళ్ళకి పనికొచ్చే మాట కూడా ఇందులో ఉంది.

మాది నందిగామ పక్క ఊళ్ళో మాలపల్లె. అమ్మ బతుకంతా కూలికి వెళ్ళింది. చేలో దాహమేస్తే ఆసామి ఇంటివాళ్ళు ఎత్తు నుంచి నీళ్ళు పోసేవారు, అమ్మ వంగి దోసిలి పట్టి తాగేది. నాకు టీచరు ఉద్యోగం వచ్చాక, మెదక్ చర్చి ఒక్కసారి చూడాలని ఉందని అడిగింది. వేసవి సెలవుల్లో టాక్సీలో తీసుకెళ్తానన్నాను. ఈ ప్రయాణంలో ఎవరి ముందూ దోసిలి పట్టే అవసరం రానివ్వనని కూడా మాటిచ్చాను.

వారం ముందు నుంచే సర్దడం మొదలుపెట్టాను. రెండు పూటలకి పులిహోర, జంతికలు, రెండు పెద్ద మరచెంబుల నిండా నీళ్ళు. అమ్మేమో సంతలో ఒక గాజు గ్లాసు కొని పాత తువ్వాల్లో చుట్టి బుట్టలో పెట్టింది. మరచెంబు మూతతో తాగొచ్చు కదా, అది పగిలిపోతుందని నవ్వాను. చర్చికి పోతన్నాం, ఉండనీవే అంది. టాక్సీ మైలుకి ఆరణాలకి కుదిరింది. ముందురోజు నేనే వెళ్ళి టైర్లు, స్టెప్నీ, జాకీ, పెట్రోలు అన్నీ అడిగి చూసుకున్నాను. రేడియేటరు సంగతి మాత్రం అడగలేదు. ఆ తెలివితక్కువతనానికి నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

అయిదింటికి వస్తానన్న డ్రైవరు ఎనిమిదింటికి వచ్చాడు. జగ్గయ్యపేట చేరేసరికి తొమ్మిది దాటింది, ఎండ అప్పుడే చుర్రుమంటోంది. గరికపాడు ఇంకా రెండు మైళ్ళుందనగా బానెట్‌లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. మేం దిగి ఒక వేపచెట్టు నీడకి వెళ్ళి కూర్చున్నాం. చాలాసేపటికి అతను పిలిస్తే వెళ్ళి చూద్దును కదా, మరచెంబులు రెండూ రోడ్డు పక్కన ఖాళీగా పడున్నాయి.

"మాకు చెప్పకుండా ఎలా పోశారండీ?" అన్నాను.

"ఇంజను కాలిపోద్దండి టీచరమ్మ గారూ. నీళ్ళకేం భాగ్యం, ముందు హోటలుంది."

నీళ్ళకేం భాగ్యమట! నా నోటికి ఎంతొస్తే అంత అన్నాను. అతనికి మాత్రం నేనెందుకు తిడుతున్నానో అర్థమైనట్టే లేదు.

హోటలంటే తాటాకు పాక. అప్పటికే అమ్మ పెదవులు ఎండిపోయాయి. హోటలాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, ఎవరు వీళ్ళని డ్రైవర్ని అడిగాడు. మా డబ్బుతో టాక్సీ తోలుతున్న మనిషి, మాలపల్లెవాళ్ళని చెప్పేశాడు. చెప్పి తనకి గ్లాసులో నీళ్ళందగానే బల్ల మీద కూర్చుని గటగటా తాగాడు. హోటలాయన మాకోసం చెంబు పట్టుకుని బయటికొచ్చాడు.

"దోసిలి పట్టండి."

వద్దు, పోదాం పదమ్మా అన్నాను. అమ్మ కదల్లేదు. బుట్టలోంచి తువ్వాలు తీసి, మడతలు విప్పి, గాజు గ్లాసు ఆయన ముందుకి చాపింది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, చెంబు భుజం దాకా ఎత్తి పోశాడు. సగం నీళ్ళు నేలపాలయ్యాయి.

"ఒలికిపోతన్నాయి నాయనా. కాస్త కిందికి దించి పొయ్యి."

కొత్త కోడలికి పని చెప్పినంత మామూలుగా అంది. ఆయన ఏం ఆలోచించాడో తెలియదు, చెంబు దించాడు. చెంబు అంచు గ్లాసుకి తగిలి టింగుమంది. ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు, ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గ్లాసు నిండాక అమ్మ ముందు నాకే ఇచ్చింది.

మర్నాడు మెదక్ చర్చిలో అమ్మ గంటసేపు మోకాళ్ళ మీద ఉంది. నేను ప్రార్థన చెయ్యలేకపోయాను. నా కోపం అప్పుడూ చల్లారలేదు, ఇప్పుడూ చల్లారలేదు, చల్లారాలని నాకు లేదు కూడా. ఆ రోజుల్ని తలుచుకుని మురిసిపోయేవాళ్ళు, ఆ గుమ్మాల ముందు ఎవరు వంగి నిలబడ్డారో కూడా తలుచుకోవాలి. ఇక ప్రయాణమయ్యే మీకు ఒక్క మాట: బయలుదేరే ముందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీయించి మీ కళ్ళతో చూసుకోండి. కారుకి వేరే డబ్బాలో నీళ్ళు పెట్టుకోండి, మనుషుల కోసం తెచ్చుకున్న నీళ్ళు దానికి పొయ్యనివ్వకండి.