గాజు గొట్టానికి రాసిన పసుపు

నా చిన్నప్పుడు గుడివాడలో మా మావయ్య ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఆయన అక్కడి కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. ఒక్క యంత్రం కోసం ఆరేళ్లు అర్జీలు పెట్టుకుంటూ తిరిగారు. దాని పేరు స్పెక్ట్రోఫోటోమీటర్. గాజు గొట్టంలో పోసిన నీళ్లలోంచి వెలుతురు పంపితే, అందులో ఏది ఎంత కలిసిందో ముల్లు చూపిస్తుంది. దివిసీమ బోరునీళ్లలో ఇనుము ఎంతుందో తన విద్యార్థుల చేతే కొలిపించాలని ఆయన కోరిక.

అది వచ్చిన రోజు నన్నూ కాలేజీకి తీసుకెళ్లారు. కొత్త సామాను కదా, కొబ్బరికాయ కొట్టి యంత్రానికి పసుపూ కుంకుమా పెట్టారు. పక్కనున్న రెండు గాజు గొట్టాలనీ అందరూ మరిచిపోయారనిపించింది నాకు. ఎనిమిదేళ్ల పెద్దరికం! ఎవరూ చూడకుండా ఒకదానికి తడి పసుపు రాశాను. అంతలోనే తిడతారేమోనని భయమేసి పావడాతో తుడిచేశాను.

కంపెనీ ఇంజనీరు ఒక గొట్టంలో మంచినీళ్లు పోసి ముల్లుని సున్నాకి తెచ్చాడు. రెండోదాంట్లోనూ అవే నీళ్లు పోసి పెట్టాడు. ముల్లు కదలకూడదు. కదిలింది. మూడుసార్లు పెడితే మూడు రకాలుగా చూపించింది.

"ఇది మనకొద్దండీ, తిప్పి పంపేద్దాం" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

మావయ్య స్టూలు మీద కూలబడ్డారు. ఆయన ముఖం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నేను తలుపు చాటుకి జరిగాను.

కాసేపటికి ఆయన అందరినీ టీకి పంపి, నన్ను దగ్గరికి తీసుకున్నారు. "నీకేమైనా తెలుసా అమ్మలూ? ఏం చెప్పినా కోప్పడను" అన్నారు. ఏడుస్తూ చెప్పేశాను. ఆయన గొట్టాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టారు. వాళ్లు తిరిగొచ్చాక, "పొరపాటు మా వైపుదేనండీ, గొట్టానికి పసుపంటింది. ఇంకొక్కసారి చూడండి" అన్నారు. నా పేరెత్తలేదు. ఈసారి ముల్లు కదల్లేదు. ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టారు.

నా పావడా మీది పసుపు మరకని మావయ్య ముందే చూశారని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. అంతా తెలిసి కూడా, ధైర్యంగా చెప్పే అవకాశం నాకే వదిలిపెట్టారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

తరవాత నేనూ మచిలీపట్నంలో రిటైరయ్యేదాకా కెమిస్ట్రీయే చెప్పాను. ఆరోజు ఆయనలా, ఏం చెప్పినా కోప్పడనని ముందే మాటివ్వడం ఒక్కటే ఆయన దగ్గర గట్టిగా నేర్చుకున్నాను. మా ల్యాబులో పిల్లల చేతుల్లో ఎన్నో పగిలాయి, ఖరీదైనవీ పాడయ్యాయి. ఎవరి పనని నేను ఆరా తీయాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. వాళ్లే వచ్చి చెప్పేవారు.