తమలపాకు దొంగలు

ఫోన్లో నలుగురికీ చెబితే ఏ మొక్కైనా బతికేస్తుందని గట్టిగా నమ్మిన రోజులవి. అశోక్‌నగర్‌లో డాబా మీద అమ్మా నేనూ ఉన్న కిరాయి గది, నారాయణగూడలో చిన్న ఉద్యోగం. అమ్మ పోయి కొన్ని నెలలే అయింది. ఆమె వదిలి వెళ్ళినవాటిలో ప్రాణం ఉన్నది ఒక్కటే, నీళ్ళ ట్యాంకు నీడన కుండీలో పెరుగుతున్న తమలపాకు తీగ. గదిలో మాట్లాడటానికి ఎవరూ లేక, దాని ఫొటో తీసి ఫోన్లో పెర్మాకల్చర్ అనే ప్రకృతి సేద్యంవాళ్ళ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాను. దగ్గుకు కషాయం, ఆకు బజ్జీలు, కొమ్మను కణుపు కింద కోసి నాటే పద్ధతి, మట్టిని ఎండకు వదలకూడదన్న సిద్ధాంతం, అన్నీ రాశాను. చివర "కొమ్మలు ఉచితం, వచ్చి తీసుకోండి" అని చేర్చాను. దండం పెట్టే బొమ్మలు బోలెడు వచ్చాయి. మనిషి మాత్రం రాలేదు. (ఆదివారం ఇద్దరికి సరిపడా పాలు తెచ్చేవాణ్ణి. మిగిలినవి తోడేసేవాణ్ణి.)

ఇంతలో తీగ తరిగిపోసాగింది. ఎవరో శుభ్రంగా కోసుకుపోతున్నారు. మొక్కల దొంగతనం వల్ల సమాజం ఎలా పతనమవుతుందో గ్రూపులో పెద్ద వ్యాసం రాసి, కింద వాకిలి ఊడుస్తున్న ఓనరమ్మతో మొర పెట్టుకున్నాను. ఆమె చీపురు ఆపలేదు.

"నేనే కోసిన. ఏమైతది?"

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదా ఆంటీ!"

"అడిగి తెస్తే తమలపాకు బతుకతదా బిడ్డా? ఎవ్వరు చూడకుంట తేవాలె. మీ అమ్మ గట్లనే తెచ్చింది, చిక్కడపల్లిల పేరంటానికి పోయినప్పుడు. నేనే కాపలా ఉన్న."

బడి నుంచి పొరపాటున వేరేవాళ్ళ పెన్సిల్ ముక్క తెస్తే, వర్షంలో నన్ను వెనక్కి పంపిన అమ్మ! నవ్వొచ్చింది. ఈ సంగతి అమ్మనే అడగాలనిపించింది.

ఆ వేసవిలో నా సిద్ధాంతాన్ని పూర్తిగా అమలు చేశాను. కుండీ నిండా పచ్చి పేడ, కూరగాయల తొక్కులు, పైన ఎండుటాకులు కుక్కాను. (నా ఫొటోలన్నిటిలోకీ ఎక్కువ లైకులు దానికే.) పేడ వేడికి వేళ్ళు మాడి, తీగ మొదలంటా నల్లబడిపోయింది. ఈ కబురు మాత్రం గ్రూపులో పెట్టలేదు.

ఓనరమ్మ నాటిన కొమ్మ పెరట్లో, బట్టలుతికే బండ పక్కన గోడంతా పాకింది. వెళ్ళి దాని ముందు నిలబడ్డాను. "ఆంటీ, ఒక..." అన్నానో లేదో, ఆమె చెయ్యెత్తింది.

"నన్నేం అడగకు. పొయ్యి మీద పాలున్నయి, పోయి చూస్త. జర టైం పడతది నాకు."

కత్తెర తెచ్చుకోలేదు. కొమ్మను పళ్ళతో కొరుకుతుంటే వంటింటి కిటికీలోంచి గొంతు వినిపించింది.

"కణుపు కింద కొరుకు! ఫోన్ల రాసుడు గాదు!"

ఇప్పుడు నేనుండేది దోమలగూడలో. ఆ రోజు కొరికి తెచ్చిన కొమ్మ గేటు పక్కన తీగై పాకింది. గ్రూపులో ఇంకా రాస్తూనే ఉన్నాను, ఉచితం అన్న మాట మాత్రం తీసేశాను. ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో ఉండనని, గేటుకు తాళం వెయ్యనని రాస్తాను. రాసి, లోపల తలుపు దగ్గరగా వేసుకుని, చప్పుడు చేయకుండా కూర్చుంటాను. మొన్న గేటు కిర్రుమంది. కత్తెర ఆడింది. ఎవరో మంచివాళ్ళు, చాలా భయపడుతూ కోస్తున్నారు. సమాజ పతనం మీద వ్యాసం రాసిన ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. గేటు మళ్ళీ పడేదాకా దగ్గు ఆపుకుని కూర్చున్నాను.